నురగ: గంజాం తీరాన, బరంపురం వీధులలో

నురగమీద వ్యాసం వ్రాయడానికి ఏముంటుంది, ఊదితే పోయేదే కదా అని మిత్రులు నవ్వారు. పోయేదే. కాని ఊదితే పోయే ఆ వస్తువును చూసి మన గంజాం తెలుగువారు చాలాకాలం తమ పనులు నడుపుకున్నారు. పడవ ఎప్పుడు దింపాలి, పట్టులో సబ్బు చాలిందా లేదా, వెన్న నెయ్యి అయిందా లేదా అన్నవి నురగను చూసి చెప్పేవారు. గడియారమూ తూనికా అందుబాటులో లేనిచోట నురగే కొలత. పోయిన కార్తికమాసంలో గోపాలపూర్ మొదలుకొని ఋషికుల్య నోటిదాకా తిరిగివచ్చి, ఆ తరువాత మా బరంపురం వీధులలోనూ కొంత చూసి, నాలుగు ముక్కలు వ్రాస్తున్నాము.

ముందు మాట సంగతి. మన ఒరియా ఇరుగుపొరుగువారు నురగను ‘ఫెణ’ అంటారు. అది సంస్కృతపు ‘ఫేనం’ నుంచి వచ్చింది. మనది అలా తెచ్చుకున్న మాట కాదు. తమిళులు ‘నురై’ అంటారు, కన్నడిగులు ‘నొరె’ అంటారు, మనం నురగ, నురుగు అంటాము. మూడూ ఒక తల్లి పిల్లలే. మా ఇంట్లో పిల్లలు బడిలో ఒరియా, ఇంట్లో తెలుగు. పాలగిన్నె చూసి ‘ఫెణ వచ్చింది’ అని కేకవేస్తారు. ‘నురగ కూడా కాదు, అది పొంగు’ అని వాళ్ళ నాయనమ్మ దిద్దుతుంది. ఆవిడ చెప్పినదే సరి. తెలుగులో పాలు లేస్తే పొంగు, పాలమీద పేరుకుంటే మీగడ, పప్పుమీద తేలితే తెట్టు, విడిగా ఒకటే ఉంటే బుడగ. ఇవన్నీ కాక మిగిలినది నురగ. అలాగని సంస్కృతానికి వివరం లేదనలేము. కుంకుడుకాయకు ‘ఫేనిలం’ అని పేరున్నది, అనగా నురగ గలది. ఆయుర్వేదంవారి ‘సముద్రఫేనం’ మాత్రం పేరుకే ఫేనం. అది కటిల్‌ఫిష్ అనే సముద్రజీవి వీపులోని ఎముక. గోపాలపూర్ ఇసుకలో తెల్లగా, బెండులాగా తేలికగా దొరుకుతుంది. పిట్టలను పెంచేవారు పంజరంలో కడతారు, పిట్టలు ముక్కు అరగదీసుకుంటాయి.

బరంపురంనుంచి గోపాలపూర్ 16 కిలోమీటర్లు. పెద్దల లెక్కలో 10 మైళ్ళు. కార్తికంలో సముద్రస్నానమంటే మన ఆడవాళ్ళకు ఎంత ప్రీతో చెప్పనక్కరలేదు. తెల్లవారకుండానే బయలుదేరి, దీపస్తంభం కనబడేసరికి ఆకాశం ఎర్రబడుతున్నది. ఇక్కడి ఒడ్డుకు ముందు దీవిలేదు, దిబ్బలేదు. బంగాళాఖాతం నేరుగా వచ్చి తగులుతుంది. దూరాన కెరటం నల్లగా లేచి, ఒడ్డు దగ్గరపడేకొద్దీ నిటారై, ఒంగి విరుగుతుంది. విరిగినచోట కొసనుంచి కొసదాకా తెల్లని గీత పడుతుంది. ఆ గీత వెనుక మరొక గీత, దాని వెనుక మూడవది. స్నానానికి వచ్చినవాళ్ళకు అది వేడుక. గోపాలపూర్ పాత చరిత్ర అంతా మాత్రం ఆ తెల్లగీతను దాటడంలోనే ఉన్నది.

ఇప్పటి రేవు ఆర్జిపల్లి దగ్గర ఉన్నది. దానికి అడ్డుగోడలూ, లోతైన నీళ్ళూ అన్నీ ఉన్నవి. పూర్వపు గోపాలపూర్‌కు అవేమీ లేవు. పొగఓడ ఒడ్డుకు రాలేదు. కెరటాలు విరిగే చోటుకు బాగా అవతల లంగరు వేసి నిలిచేది. మనుషులనూ మూటలనూ అక్కడిదాకా చేర్చేవి మసూలా పడవలు. ఆ పడవలో మేకు ఉండదు. పలకలను కొబ్బరితాడుతో కుట్టేవారు. అతుకుల మధ్య పీచు కూరేవారు. మేకులు కొట్టి బిగించిన పడవ కెరటం దెబ్బకు పగులుతుంది. కుట్టిన పడవ కెరటంతోపాటు ఒంగి మళ్ళీ లేస్తుంది. నడిపేవారు నోళియాలు. వీరిని ఒరియావారు నోళియాలంటారు గాని, వారి ఇళ్ళలో మాట తెలుగే. గోపాలపూర్‌లోనూ, పూరీదాకా ఉన్న ఎన్నో పల్లెలలోనూ వలలు లాగేటప్పుడు వినబడేది మన శ్రీకాకుళం వైపు తెలుగే.

ఆ పడవలలో ఎక్కి మనవాళ్ళు బర్మా వెళ్ళారు. అప్పటికి గంజాం జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలోనిది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు జిల్లాలో పెద్దభాగం ఇటు వచ్చింది, ఇచ్ఛాపురం, టెక్కలి వైపు భాగం అటు నిలిచింది. అంతకుముందు రెండు వైపుల ఊళ్ళవారూ గోపాలపూర్ వచ్చి ఓడ ఎక్కేవారు. రంగూన్‌ను మనవాళ్ళు ‘రంగం’ అనేవారు. రంగం వెళ్ళాడంటే రేవులో బస్తాలు మోయడానికో, ధాన్యపు మిల్లులో పనికో వెళ్ళాడని అర్థం. డబ్బు పంపినవారున్నారు, తిరిగి రానివారూ ఉన్నారు. 1930లో రంగూన్ రేవులో జరిగిన అల్లర్లలో దెబ్బతిన్నవారిలో తెలుగు కూలీలు చాలామంది. 1942లో జపాను సేనలు రంగూన్ పట్టుకున్నప్పుడు ఓడలు దొరకక కొండలూ అడవులూ దాటి నడిచివచ్చినవారు ఎందరో. ఆ యుద్ధంతో గోపాలపూర్‌నుంచి రంగం ప్రయాణం ముగిసింది.

మా బంధువులలో రంగం వెళ్ళివచ్చిన పెద్దాయన ఒకరుండేవారు. ఆయనను అడిగితే రంగంలోని బంగారు గోపురం సంగతి ఒక్క మాటలో తేల్చేసేవారు. గోపాలపూర్ దగ్గర నురగ దాటిన సంగతి మాత్రం ఒక పూట చెప్పేవారు. పడవ ముక్కు పైకి లేచినప్పుడు ఆకాశం తప్ప ఏమీ కనబడేది కాదట. దిగినప్పుడు నాలుగు వైపులా తెలుపేనట. మొదటి గీత దాటాక వెనక్కి చూస్తే ఒడ్డున నిలబడ్డ తల్లి కనబడింది, రెండవ గీత దాటాక ఆ నురగ అడ్డమై కనబడలేదు అని ఆయన అనేవారు. ఆయన తిరిగివచ్చేసరికి తల్లి లేదు. ఈ భాగం చెప్పిన తరువాత ఇంకేమీ చెప్పేవారు కారు.

మేము వెళ్ళిన రోజు ఒడ్డున పాత మసూలా పడవ ఒక్కటి కూడా కనబడలేదు. అన్నీ ఫైబరు పడవలు, వాటికి ఇంజన్లు. వల బాగుచేసుకుంటున్న ముసలి నోళియా ఒకాయన దగ్గర కూర్చున్నాము. పిల్లలు నురగ దోసిళ్ళతో తీసి ఒకరిమీద ఒకరు చల్లుకుంటున్నారు. మా ఇంటావిడకు అది నచ్చలేదు.

“తాతా, ఈ నురగలో పిల్లలు ఆడవచ్చునా?” అని అడిగాము.

ఆయన లేచి నాలుగడుగులు వేసి చూసి వచ్చాడు. “ఇది మంచి నురగే బాబూ. తెల్లగుంది, పట్టుకుంటే నిలవట్లేదు. వానలప్పుడు ఏరు దిగితే ఎర్రమట్టి రంగులో వస్తది, జిగురుజిగురుగుంటది, కంపు కొడతది. గాలి పడిపోయినా ఒడ్డునే గుట్టలా ఉండిపోద్ది. అప్పుడు పిల్లల్ని దింపకండి.”

చదువుకున్నవారు చెప్పేదీ ఇంచుమించు ఇదే. శుద్ధమైన నీటికి నురగ రాదు. గ్లాసులో మంచినీళ్ళు ఎంత గిలక్కొట్టినా బుడగలు పైకి వచ్చి పగిలిపోతాయి. బుడగ గోడ నిలవాలంటే నీటిలో మరొకటేదో ఉండాలి. ఒక కొసతో నీటిని పట్టుకుని, రెండవ కొసతో నీటిని తప్పించుకునే గుణం గల పదార్థం అది. సబ్బు అటువంటిదే. కుంకుడుకాయలోని సాపోనిన్, గుడ్డులోని తెల్లసొన, పాలలోని మాంసకృత్తులు అటువంటివే. సముద్రంలో కంటికి కనబడని నాచుజాతులు కోట్లకొద్దీ పెరిగి, చచ్చి, కుళ్ళినప్పుడు అటువంటి పదార్థాలు నీటిలో కలుస్తాయి. కెరటం వాటిలోకి గాలిని కొట్టి కవ్వంలాగా చిలుకుతుంది. ఉప్పు తానుగా నురగను పుట్టించదు గాని, ఒక బుడగ మరొక బుడగలో కలిసిపోకుండా అడ్డుపడుతుంది. అందువల్లనే సముద్రపు బుడగలు చెరువు బుడగలకంటె సన్నగా ఉంటాయి. నీటికి రంగు లేకున్నా నురగ తెల్లగా ఉండడానికి కారణం, ఆ సన్నబుడగల గోడలకు తగిలి వెలుతురు అన్ని వైపులకూ చెదరడం.

కనుక నురగ చూడడమంటే నీటిలో ఏమి కలిసిందో చూడడమే. సముద్రం తానుగా కట్టిన నురగ చాలావరకు అపాయం లేనిది. కాని అదే కెరటం మురుగునీటినీ, బట్టల సబ్బుపొడినీ కూడా చిలుకుతుంది. 2019 చివరలో మద్రాసు మెరీనాలో వానల తరువాత మైళ్ళ పొడుగున నురగ కట్టినప్పుడు పిల్లలు అందులో పొర్లి ఫోటోలు తీయించుకున్నారు. అది మురుగూ, డిటర్జెంటూ కలిసిన నీటి నురగ అనీ, చర్మానికి మంచిది కాదనీ నిపుణులు చెప్పవలసివచ్చింది. బెంగుళూరు బెళ్ళందూరు చెరువునుంచి 2015లో నురగ లేచి రోడ్డుమీద పోయేవారిమీద పడింది. ఆ చెరువు మంటలు అంటుకున్న సంగతీ పత్రికలలో వచ్చింది. గోపాలపూర్ అంతదాకా రాలేదు. రాకూడదని కోరుకునేవారు ముందు తమ వీధి కాలువ ఎటు పోతున్నదో చూసుకోవాలి. మా వీధి కాలువలోనూ తెల్లారి ఎనిమిది గంటలకు, అందరి ఇళ్ళలో బట్టలు ఉతికే వేళకు, మోకాలెత్తు నురగ తేలుతుంది.

సాయంకాలందాకా అక్కడే ఉన్నాము. పొద్దువాలి, పగలూ రాత్రీ కాని వేళకు మా ఇంటావిడ పిల్లలకు నముచి కథ చెప్పింది. తడి వస్తువుతోగాని పొడి వస్తువుతోగాని, పగలుగాని రాత్రిగాని చంపనని ఇంద్రుడు నముచికి మాట ఇచ్చాడు. చివరకు సంధ్యవేళ నురగతో తల తీశాడు. కథ వేదంలోనూ ఉన్నది, భారతంలోనూ ఉన్నది. నురగ తడిదా, పొడిదా అని పిల్లలు చాలాసేపు తగువులాడారు. తేలలేదు. అటు నీరూ కాక ఇటు గాలీ కాక ఉన్నదాన్ని అంత పూర్వం గుర్తించి కథలో పెట్టినవాని బుద్ధికి మాత్రం మేము ఆశ్చర్యపడ్డాము.

ఇంగ్లీషు నావికులకు కూడా నురగ కొలతే. బ్యూఫోర్ట్ అనే నావికాధికారి 1805 ప్రాంతంలో గాలి వేగానికి ఒక పట్టిక కట్టాడు. తరువాతివారు దానికి సముద్రపు వర్ణనలు చేర్చారు. మూడవ మెట్టులో కెరటాల కొనలు అక్కడక్కడ తెల్లబడతాయి. ఏడవ మెట్టులో విరిగిన కెరటాల నురగను గాలి చారలుగా లాక్కుపోతుంది. కడపటిదైన పన్నెండవ మెట్టులో గాలి అంతా నురగే, సముద్రం యావత్తూ తెలుపే. ఈ కడపటి మెట్టును గంజాంవారు పుస్తకంలో చదవనక్కరలేదు. 1999లో సూపర్ సైక్లోను పేరు అందరూ చెప్పుతారు గాని, దానికి పన్నెండు రోజులముందు, అక్టోబరు 17న, మరొక తుపాను గోపాలపూర్ దగ్గరనే తగిలిందని బరంపురంవారు మరువలేదు. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ కూడా గోపాలపూర్ దగ్గరే ఒడ్డు దాటింది. గాలి గంటకు 200 కిలోమీటర్లు. రాష్ట్రంలో 10 లక్షలకు దగ్గరగా జనాన్ని ముందే తరలించారు కనుక ప్రాణనష్టం పదులలో ఆగింది. 1999 సూపర్ సైక్లోనులో అది వేలు. ఫైలిన్ తరువాత గోపాలపూర్ రోడ్డున కూలకుండా మిగిలిన చెట్ల ఆకులు నిప్పుతో కాల్చినట్టు మాడి ఉన్నవి. అది నిప్పు కాదు. గాలి లేపిన ఉప్పునురగ తుంపర ఆకులమీద పడి ఎండింది.

మరునాడు ఛత్రపురం మీదుగా గంజాం వెళ్ళాము. జిల్లాకు పేరిచ్చిన ఊరు ఇదే. 1768లో కట్టిన పొటాగఢ్ కోట నక్షత్రం ఆకారంలో ఉన్నది. గోడలమీద చెట్లు మొలిచాయి. 1815 ప్రాంతంలో జ్వరాలు ప్రబలి ఊరు ఖాళీ కాగా అధికారులు కచేరీలను ఇక్కడినుంచి ఎత్తివేశారు. చూడదగినది ఆ కోట ఒక్కటే, అదీ పావుగంటలో అయిపోతుంది.

ఋషికుల్య నోరు చూడవలసిన చోటు. నది నీరు బూడిదరంగు, సముద్రం నీలం. రెండూ కలిసేచోట నురగ ఒక తాడులాగా వంకరలు తిరుగుతూ తేలుతుంటుంది. రెండు నీళ్ళు ఎదురై తోసుకున్నప్పుడు తేలేదంతా ఆ గీతలో చేరుతుంది: నురగ, ఆకులు, పుల్లలు, ఇప్పుడు ప్లాస్టిక్కు. ఆ గీత పొడుగునా చేపలు చేరుతాయని జాలర్లకు తెలుసు, గ్రద్దలకూ తెలుసు. ఈ ఒడ్డునే ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు లక్షలుగా వచ్చి గ్రుడ్లు పెడతాయి. పల్లెలవారికి ఎప్పటినుంచో తెలిసినా, శాస్త్రజ్ఞుల పుస్తకాలలోకి ఎక్కింది 1994లో. కొన్ని ఏళ్ళు వస్తాయి, కొన్ని ఏళ్ళు రావు. పిల్లలు గ్రుడ్డునుంచి బయటపడి, రాత్రివేళ ఏ వైపు వెలుతురు ఎక్కువగా ఉంటే ఆ వైపు నడుస్తాయి. దీపాలు లేని తీరంలో అది సముద్రం వైపే. రోడ్డు దీపాలుంటే అవి దారి తప్పుతాయి. ఈ నోటికి దగ్గరనే పొడంపేట ఉన్నది. అదీ తెలుగు జాలర్ల ఊరు. సముద్రం కోసుకురావడంతో ఊరివారు లోపలికి తరలి క్రొత్త పొడంపేట కట్టుకున్నారు. పాత ఊరిలో గోడలు మిగిలాయి. తలుపులేని గుమ్మంలోనుంచి చూస్తే తెల్లగీత కనబడుతుంది.

ఈ తీరంలో మరొక నురగ ఉన్నది, అది పగలదు. చేపలపెట్టెల థర్మోకోలు అదే. పాలిస్టైరీన్ అనే పదార్థంలో గాలిబుడగలు పట్టించి గట్టిపరిస్తే థర్మోకోలు. బుడగల మధ్య గాలి కదలదు కనుక వేడి లోపలికి పోదు, మంచు కరగదు, గంజాం చేప దూరదేశాలదాకా చెడకుండా పోతుంది. మన కుర్చీ మెత్తలూ, పరుపులూ కూడా ఇటువంటి గట్టినురగలే. బూరుగుదూది ఏకేవాడు వీధిలో తంత్రి మీటుతూ వచ్చిన కాలం ఎంతోదూరం కాదు. ఫోము పరుపు వచ్చి అతని పని తీసివేసింది. చమురు మంటలమీద అగ్నిమాపకదళం చల్లేదీ నురగే. నీరు పోస్తే చమురు నీటిమీద తేలి మండుతుంది. నురగ దుప్పటిలాగా పైన పరచుకుని గాలి తగలనివ్వదు. కొత్తరకం పడవలలో మునగకుండా ఉండేందుకు లోపల నింపుతున్నదీ నురగే. తాత పైనుంచి వచ్చే నురగను దాటాడు, మనుమడు నురగను పడవ కడుపులో పెట్టుకుని దాటుతున్నాడు. పడవ బాగున్నంతకాలం సరే. పెట్టె విరిగాక ఆ ముక్కలు సముద్రపునురగలో కలిసి, నిజమైన నురగ ఏదో పట్టిచూస్తేగాని తెలియకుండా ఉన్నది.

ఇక మా ఊరు. బరంపురాన్ని పట్టునగరం అంటారు. మహురి రాజులు రాజమహేంద్రవరం వైపునుంచి నేతవాళ్ళను పిలిపించారని పెద్దలు చెప్పుతారు. దేవాంగుల వీధులలో ఇప్పటికీ మగ్గం చప్పుడు వినబడుతుంది గాని, మా చిన్నతనంలోలాగా వీధి మొదటినుంచి చివరదాకా కాదు. బరంపురం పట్టుకు, అందులో అంచున గుడిగోపురాలవంటి ఫోడా కుంభం నేతకు, భౌగోళిక గుర్తింపు ఉన్నది. గుర్తింపుతో పిల్లలు మగ్గం ఎక్కలేదు. ఆ సంగతి మన పత్రిక చదివే దేవాంగుల ఇళ్ళవారికి మేము చెప్పనక్కరలేదు.

నేతకు ముందు నురగ పని ఉన్నది. పట్టుపురుగు దారంతోపాటు ఒక బంక వదులుతుంది. దానితోనే గూడు గట్టిపడుతుంది. ముడిపట్టు పట్టుకుంటే గరుకుగా, మెరుపు లేకుండా ఉంటుంది, రంగూ సరిగా పట్టదు. సబ్బు, సోడా వేసిన నీళ్ళలో ఆ చిలపలను మరిగీమరగకుండా కాస్తే బంక నీటిలో దిగుతుంది. బరువులో అయిదోవంతునుంచి నాలుగోవంతుదాకా పోతుంది. నాలుగు కిలోల పట్టు పెడితే మూడు కిలోలు చేతికి వచ్చాయని నేతగాడు దిగులుపడడు, అప్పుడే అది పట్టు అయింది. మాకు తెలిసిన ఇంట్లో ఈ పని చూసే పెద్దావిడను అత్తా అనే పిలుస్తాము. ఆవిడ కర్రలకు వ్రేలాడదీసిన చిలపలను త్రిప్పుతూ కళ్ళు మాత్రం నురగమీదనే పెట్టుకుని ఉంటుంది.

“అంతలా ఏమి చూస్తారత్తా?” అని అడిగాము.

“నురగ చచ్చిపోయిందంటే సబ్బు చాల్లేదన్నమాట బాబూ. మళ్ళీ కాస్త వెయ్యాలి. లేకపోతే బంక పోయినట్టే పోయి, ఒకచోట ఉండిపోద్ది. అద్దకంలో అక్కడ మచ్చ పడిపోద్ది. చీర నేశాక తెలిస్తే ఏం లాభం?”

ఇది చేతివాటపు మాట కాదు, లెక్క ఉన్న మాటే. సబ్బు మొదట నీటిలోని సున్నంతో కలిసి విరిగి తెట్టు అవుతుంది, కొంత బంకతో పోతుంది. ఇంకా మిగిలితేనే నురగ నిలుస్తుంది. పందొమ్మిదవ శతాబ్దంలో రసాయనశాస్త్రజ్ఞులు నీటి కాఠిన్యాన్ని ఇలాగే కొలిచేవారు. సబ్బునీరు చుక్కచుక్కగా పోస్తూ, ఎన్ని చుక్కలకు నురగ నిలిచిందో లెక్కపెట్టేవారు. అత్త చేసేదీ అదే, సీసా లేదు అంతే. ఐరోపాలో ఒకప్పుడు పట్టును నీటిలో ముంచకుండా, పైకి లేచిన నురగలోనే వ్రేలాడదీసి బంక తీసే పద్ధతి కూడా ఉండేది. బంక దిగిన నురగనీటిని అక్కడివారు పారబోయక, రంగు అంతటా సమంగా పట్టేందుకు అద్దకపు తొట్టిలో కలిపేవారు. ఈ మాట చెప్తే అత్త, “అలాగా? ఎంత పొదుపో!” అని ముక్కుమీద వేలు వేసుకుంది.

సబ్బు కాలంలో నురగ నిజం చెప్పేది. ఉప్పుబావి నీటిలో నురగ రాకపోతే ఆ నీరు బట్టలకు పనికిరాదని ఇల్లాలు గ్రహించి, చెరువునీళ్ళకు పోయేది. డిటర్జెంటుపొడి వచ్చాక ఏ నీటిలోనైనా నురగ వస్తుంది. మురికి పోయినా వస్తుంది, పోకపోయినా వస్తుంది. మురికిని తీసేది నురగ కాదు, నీటిలో కరిగిన పదార్థం. కాని కొనేవారికి నురగ కనబడకపోతే నమ్మకం ఉండదని తయారుచేసేవారికి తెలుసు. ముందు తలుపు గల బట్టల యంత్రాలకు నురగ తక్కువగా వచ్చే పొడి వేరే అమ్ముతారు. నురగ ఎక్కువైతే గుడ్డలు ఒకదానికొకటి రాసుకోక మురికి అలాగే ఉంటుంది. మా ఇంట్లో ఆ పొడి వాడిన మొదటివారం ‘నురగేదీ’ అని అమ్మ యంత్రం ముందు కూర్చుని చూసింది. వారం తరువాత బట్టలు వాసన చూసి ఒప్పుకున్నది.

వంటింటి నురగ ఇంకా అబద్ధమాడడం నేర్వలేదు. వెన్న కాచేటప్పుడు మొదట పెద్దబుడగలతో చప్పుడు చేస్తుంది, అది నీరు పోవడం. చప్పుడు అణగి పైన సన్ననురగ కట్టిందంటే దింపవలసిన వేళ. గారెలపిండి గాలి పట్టేదాకా రుబ్బి, చిన్న ఉండ నీళ్ళలో వేస్తే తేలాలి. తేలనిది నూనెలో రాయి. పప్పుమీది తెట్టు తీసివేయాలా వద్దా అన్నదానిమీద మా ఇంటావిడకూ ఆవిడ అప్పకూ ఇరవై ఏళ్ళనుంచి భిన్నాభిప్రాయం. ఇందులో మేము తలదూర్చము.

అత్త ఇంటినుంచి వచ్చేటప్పుడు ఆవిడ చెప్పిన విషయాలు మన ఆడపడుచులకు పనికివస్తాయని వ్రాస్తున్నాము. మన ఇళ్ళలో అమ్మమ్మలనాటి బరంపురం పట్టుచీరలు పెట్టెలలో ఇంకా ఉన్నవి. వాటిని బట్టలపొడితో ఉతకరాదు. పట్టు మాంసకృత్తులతో అయినది. రక్తపు మరకా, పాల మరకా తీయడానికి కొన్ని పొడులలో కలిపే ఎంజైములు మాంసకృత్తులనే కొరుకుతాయి. మరకతోపాటు చీరనూ కొరుకుతాయి. సోడా కూడా పట్టుకు విరోధి. బంక తీసేటప్పుడు వేసే సోడా లెక్కప్రకారం వేసేది, అదీ ఒక్కసారే. కుంకుడుకాయలు ఆరేడు గింజలు తీసి గోరువెచ్చని నీళ్ళలో నానబెట్టి, పిసికి, గుడ్డలో వడగట్టాలి. ఆ నీరు చన్నీళ్ళలో కలిపి, చేతికి నురగ సన్నగా తగిలేంతవరకే ఉంచుకోవాలి. చీర అందులో ముంచి, పిండకుండా ఎత్తి, నురగ పోయేదాకా రెండుమూడు మంచినీళ్ళలో జాడించాలి. నీడలో ఆరవేయాలి. ఎర్రచీరా పచ్చచీరా ఒకే తొట్టిలో వేయరాదు. మొదటిసారి రంగు కొంచెం దిగితే భయపడనక్కరలేదు. కుంకుడు గింజలు పారవేయకండి, పిల్లలు గచ్చకాయలాట ఆడుకుంటారు.